నాలుగో పేజీ దాటని కరామత్ సాహెబు

కరామత్ హుసేన్ సాహెబుకి ఉన్న జబ్బు ఒక్కటే. రెండు చెవులున్న మనిషి ఎదురుపడితే చాలు, చంకలోని గుడ్డసంచీలోంచి నలభై పేజీల వ్యాసం తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాడు. ఆ వ్యాసం పేరు ‘హమ్‌అసర్ పాకిస్తానీ అదీబ్ ఔర్ కౌమీ అదబ్ మే ఉన్‌కా హిస్సా’. పేరు చదవడానికే ఆయన మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకునేవాడు. ఆ ఊపిరి సందులోనే సగంమంది లేచి చెప్పులు వెతుక్కునేవారు.

పోనీ ఏ వేపచెట్టు కిందో కూర్చునే మనిషైతే తప్పుకు తిరగొచ్చు. ఆయన కువైట్‌లో, షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి స్టోర్‌కీపరు. ఏ సామాను కావాలన్నా ఆయన కిటికీ ముందు నిలబడాల్సిందే. చేతి గ్లవ్స్ జతకి ఒక పేరా, హెల్మెట్‌కి ఒక పేజీ, పెద్ద వాల్వు కావాలంటే రెండు పేజీలు. ఒకసారి నీళ్ల లైను కారిపోతోందని ఫిట్టర్ పరుగెత్తుకొస్తే, “ఈ ఒక్క వాక్యం పూర్తి కానీ బేటా” అన్నాడు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి ట్యాంకులో నీళ్లయిపోయి, లీకు దానంతటదే ఆగిపోయింది.

ముల్తాన్ పక్క ఏదో ఊళ్లో పదిహేనేళ్లు బడిపంతులుగా చేసి ఇటు వచ్చాడు. ఆయనకున్న కోరిక కూడా ఒక్కటే. ఒక్కసారి, ఒక్క సభలో, ఆ వ్యాసం చివరిదాకా చదవాలి. ఏడేళ్లలో నాలుగో పేజీ దాటి విన్న నరమానవుడు లేడు. ఆయన దేశం వాళ్లే ఆయన్ని చూసి దారి మళ్లేవారు. పఠాన్ డ్రైవర్లయితే తమకి ఉర్దూ రాదని చక్కని ఉర్దూలో చెప్పి తప్పుకునేవారు.

అలాంటి చోటికి 1982లో సోమేశ్వరరావు టైమ్‌కీపరుగా వచ్చి పడ్డాడు. కోనసీమ మనిషి. పైగా రచయిత. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక వారపత్రికకి రెండు కథలు పంపితే రెండూ తిరిగొచ్చాయి. రెండోదైతే, పోస్టు చేసి తను ఇంటికొచ్చేలోపే వచ్చి గుమ్మంలో కూర్చుందని తర్వాతి రోజుల్లో తనే చెప్పుకుని నవ్వేవాడు. అప్పట్లో మాత్రం నవ్వలేదు. సంపాదకుడికి గ్రహస్థితి బాగాలేదనుకున్నాడు.

టైమ్ ఆఫీసుకీ స్టోరుకీ మధ్య ఒక ప్లైవుడ్ గోడ. సోమేశ్వరరావుకి వచ్చిన హిందీ, పరీక్షలో ముప్ఫయ్యారు మార్కులు తెచ్చిన హిందీ. అర్థం కాదు గనక విసుగు రాదు, విసుగు రాదు గనక లేచిపోడు. ఏళ్ల తపస్సుకి దేవుడు ప్రత్యక్షమైనట్టు కరామత్ సాహెబు అతన్ని చూసి మురిసిపోయాడు.

వాళ్లంతా గదులు తీసుకుని ఉండే అబ్బాసియాలో అందర్నీ ఎక్కించుకుని షుఐబాకి చేర్చే వ్యాను డ్రైవరు అన్వర్ బాషాది కడప. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. సోమేశ్వరరావు ఒక పొద్దున్న అతని పక్క సీట్లో కూర్చుని అడిగాడు.

“బాషా గారూ, హిస్సా అంటే ఏంటండీ?”

“వాటా సార్. అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే వస్తాది సూడు, అది.”

ఇంకేముంది, మన వాడికి అంతా తేటతెల్లమైపోయింది. కొబ్బరితోటల పంపకాలు చూస్తూ పెరిగినవాడికి ఇంకొకరు చెప్పాలా? పాకిస్తాన్ రచయితలందరూ ఏదో ఉమ్మడి ఆస్తి మీద తగువులాడుకుంటున్నారనీ, పాపం ఈ ముసలాయన ఆ దావా కాగితాలు మోసుకు తిరుగుతున్నాడనీ తేల్చుకున్నాడు. ఆర్నెల్లపాటు, ఆయన చదవడం ఆపగానే, “కోర్టు మే క్యా హువా సాబ్?” అని సానుభూతిగా అడిగేవాడు. కరామత్ సాహెబు దాన్ని లోతైన సాహిత్యవిమర్శ అనుకుని, “కాలం అనే కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు” అని నిట్టూర్చేవాడు. అది సమకాలీన పాకిస్తానీ రచయితల గురించీ, జాతీయ సాహిత్యానికి వాళ్లు చేసిన సేవ గురించీ అని అన్వర్ బాషా విడమరిచి చెప్పేసరికి సోమేశ్వరరావు రెండు రోజులు గోడకి అవతల మొహం చూపించలేదు.

ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికే, ఒకనాడు డ్యూటీ దిగేవేళ, “నేనూ రచయితనే” అని నోరు జారాడు.

కరామత్ సాహెబు లేచి నిలబడ్డాడు. “ఆప్ కా తఖల్లుస్?” అన్నాడు.

తఖల్లుస్ అంటే ఉర్దూవాళ్లకి కలంపేరు. సోమేశ్వరరావు చెవికి అందులో ఖలాస్ ఒక్కటే ఆనింది. కువైట్‌లో విమానం దిగినవాడు మొదట నేర్చుకునే మాట అది. పని అయిపోయినా ఖలాస్, కూర అయిపోయినా ఖలాస్. డ్యూటీ అయిపోయిందా అని అడుగుతున్నాడనుకుని చేతులు దులిపి చూపించాడు.

“ఖలాస్ సాబ్. పూరా ఖలాస్.”

కరామత్ సాహెబు కళ్లు మూసుకున్నాడు. “ఎన్నో కలంపేర్లు విన్నాను. ఇంత గుండె ధైర్యం ఉన్న పేరు వినలేదు” అన్నాడు.

మర్నాటి నుంచి యార్డుకి ఆ చివర నుంచి, “ఖలాస్ సాబ్, ఓ ఖలాస్ సాబ్” అని పిలుపు. కువైట్‌లో మనిషి పేరు పక్కన ఆ మాట పడితే అర్థం ఒకటే, ఉద్యోగం ఊడింది, దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దయింది, పెట్టె సర్దుకోమని. మధ్యాహ్నానికి ఇద్దరొచ్చి అతని పరుపు తమకిచ్చి పొమ్మని అడిగారు. ఒకాయన టేబుల్ ఫ్యాను మీద చెయ్యి వేసి చూసుకుని మరీ వెళ్లాడు. ఏం తప్పు చేశానని ఎవర్నీ అడగలేదు సోమేశ్వరరావు. చేసే ఉంటానని తన మీద తనకి అంత నమ్మకం. మూడు రోజులు మేనేజరు కంటపడకుండా గోడలంట తిరిగాడు. అన్వర్ బాషా సంగతి విప్పి చెప్పేదాకా ముద్ద దిగలేదు.

ఇంతలో అసలు ఉపద్రవం ఇంటి నుంచి వచ్చింది. రచయిత గదా, భార్య నాగేశ్వరికి ఉత్తరాలు కూడా రచన లెక్కనే రాసేవాడు. ‘ప్రాణేశ్వరీ, విరహానల దందహ్యమాన మానసుండనై’ అని మొదలుపెడితే ఎనిమిది పేజీలకి గానీ కింద పడేవాడు కాదు. నాగేశ్వరి ఒక కార్డు ముక్క రాసి పడేసింది.

‘మీ ఉత్తరం ఎలిమెంటరీ స్కూలు తెలుగు మాస్టారి చేత చదివించుకున్నాను. ఆయనకీ రెండు చోట్ల బోధపడలేదు. మొగుడు రాసిన ఉత్తరానికి ఊళ్లోవాళ్ల చేత అర్థం చెప్పించుకోవడం నావల్ల కాదు. మనిషి మాటల్లో రాసేదాకా జవాబు రాయను.’

రాయలేదు. మూడు నెలలు. గురువారం గురువారం కంపెనీ గుమాస్తా ఉత్తరాల సంచీ విప్పి పేర్లు పిలిచేవాడు. ఆంధ్రావాళ్లు, పంజాబీలు, పఠాన్లు, బెంగాలీలు అందరూ ఒకే వరసలో మెడలు చాచి నిలబడేవారు. సోమేశ్వరరావు వరసలో చివరిదాకా నిలబడి ఉత్త చేతులతో వచ్చేవాడు. పోనీ బుద్ధి మారిందా అంటే, అబ్బే. ఇంకా పెద్ద సమాసాలతో క్షమాపణ రాశాడు.

శుక్రవారాలు అబ్బాసియాలో కరామత్ సాహెబు గది ముందు, రాయడం రానివాళ్లు ఉత్తరాలు రాయించుకోవడానికి చేరేవారు. దమ్మిడీ తీసుకోడు. కాకపోతే ముందు నాలుగు పేజీలూ వినాలి, ఆ తర్వాతే కలం మూత విప్పుతాడు. ‘పుణ్యానికి కూడా ఇంత సుంకమా’ అని అందరూ గొణుక్కునేవారే. సోమేశ్వరరావు ఒక శుక్రవారం తన గోడు చెప్పుకోవడానికి అక్కడికే వెళ్లాడు.

“ఇంతకీ ఆవిడకి ఏం చెప్పాలనుకుంటున్నారు?” అన్నాడు కరామత్ సాహెబు.

“నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని.”

కరామత్ సాహెబు సంచీలోంచి వ్యాసం తీశాడు. ఏడాదిగా విని విని ఆ నాలుగు పేజీల ఉర్దూ సోమేశ్వరరావుకి అబ్బింది. అబ్బింది గనక మొదటిసారి అర్థమైంది. అర్థమైంది గనక మొదటిసారి విసుగొచ్చింది. ఆ విసుగు అలాంటిలాంటిది కాదు, అరికాలి నుంచి ఎక్కింది. మూడో పేజీలో ఆకలేసింది. నాలుగో పేజీలో ఇక ఉండబట్టలేక, ఉన్న హిందీ అంతా కూడగట్టుకుని అనేశాడు.

“ఇక్కడ జుబేదీ చేప దొరుకుతుంది సాబ్. పులుసు ఎర్రగానే వస్తుంది. తిట్టి వడ్డించేవాళ్లు లేక రుచి రావడం లేదు.”

కరామత్ సాహెబు టక్కున చదవడం ఆపేశాడు. “యల్లా, కానివ్వండి, ఇదే రాసి పంపండి. ఒక్క మాట కలపొద్దు” అని, తన కాగితాల చివర ఏదో గీసుకున్నాడు. తనంతటి రచయిత చేపలపులుసు గురించి రాయాల్సి వచ్చినందుకు సోమేశ్వరరావు చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే పోస్టు చేశాడు.

ఇరవై రోజుల్లో జవాబు. ‘ఇన్నాళ్లకి మా ఆయన ఉత్తరం రాశారు. ఇదివరకు రాసినవాడెవడో గానీ వాణ్ణి మళ్లీ గదిలోకి రానివ్వకండి. పులుసులో బెల్లం వేస్తున్నారా? వేసే ఉంటారు, చెప్తే వినే మనిషైతే గదా.’ సోమేశ్వరరావు ఆ తిట్లు వ్యానులో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చదువుకున్నాడు. ఆనందం పట్టలేక అన్వర్ బాషాకి కూడా వినిపించాడు.

ఆ ఏడాది చివర్లో కరామత్ సాహెబు కాంట్రాక్టు ముగిసింది. ఇంకో పది రోజుల్లో శాశ్వతంగా ఇంటికి. సరిగ్గా అప్పుడు బ్నీద్ అల్ గార్ పేటలో ఉర్దూ అభిమానుల సభ నుంచి ఆయనకి పిలుపొచ్చింది. శుక్రవారం సాయంత్రం, ఇరవై నిమిషాలు. ఏడేళ్ల కోరిక, ఇక ఇదే ఆఖరి అవకాశం. సభకి రానివాడికి శనివారం గ్లవ్స్ లేవని కిటికీకి కాగితం అంటించాడు. పద్దెనిమిది మంది వ్యాను ఎక్కారు.

ఇస్త్రీ షేర్వాణీలో కరామత్ సాహెబు పెళ్లికొడుకులా నిలబడి మొదలుపెట్టాడు. మొదటి పేజీకే ఏడు నిమిషాలు పోయాయి. రెండో పేజీకి ముందు వరస ఆవులించింది. నాలుగో పేజీ సగంలో ఉండగా అధ్యక్షుడు చీటీ పంపించాడు. చదివే ఊపులో ఆ చీటీ కూడా వ్యాసంలో భాగమనుకుని, “దయచేసి త్వరగా ముగించండి” అని గంభీరంగా చదివేశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

అప్పుడు అర్థమైంది ఆయనకి. ఏడేళ్లుగా అలవాటైన మొహం పెట్టుకుని కాగితాలు మడవబోయాడు.

సోమేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. “సాబ్, నాలుగు పేజీలు నేను తొంభై సార్లు విన్నాను. ఐదో పేజీ వినకుండా వ్యాను ఎక్కను” అన్నాడు. వెనక నుంచి వ్యానులో వచ్చినవాళ్లందరూ “ఐదో పేజీ, ఐదో పేజీ” అని అందుకున్నారు. ఇక్కడ చదవకపోతే రేపు కిటికీ దగ్గర మళ్లీ మొదటి నుంచి వినాలి గదా.

అధ్యక్షుడు గడియారం చూసి, సరే అన్నాడు. కరామత్ సాహెబు కళ్లద్దాలు తుడుచుకుని ఐదో పేజీ తిప్పాడు. ఆ పేజీ ఉర్దూ సోమేశ్వరరావుకి కొత్త గనక అన్వర్ బాషా అతని చెవిలో చెప్పసాగాడు.

“‘పైన సదివిన నాలుగు పేజీలు సాహిత్యం కాదు, మందు’ అంటాండాడు సార్. ఉత్తరం రాయించుకోను వచ్చినోణ్ణి ఏం రాయాల్నంటే, బాగుండా, బాగుండారా అంటాడంట. ఆ పైన గొంతు మూసుకపోతాదంట. ఇయి ఇనిపిస్తే ఇసుగు పుట్టి, కడుపులో మాట వాడే కక్కేస్తాడంట. ‘అట్ల వచ్చిన మాటలే ఈ కాలం సాహిత్యం, ఇంగ సదువుతా’ అంటాండాడు.”

ఆ నాలుగు ముక్కలు తప్పితే ముప్ఫయ్యారు పేజీల్లో ఒక్కటి కూడా ఆయన సొంత వాక్యం లేదు. పేరు, ఊరు, పని, ఒక మాట, అంతే.

అల్లా దిత్తా, వెల్డరు: ‘గేదె ఈనిందని రాశావు, దూడ రంగు రాయలేదు. నాలుగు రోజులుగా రోజుకో రంగు వేసి చూసుకుంటున్నాను.’

నూర్ మహమ్మద్, మేస్త్రీ: ‘మన పెరటి గోడ పడిపోయిందన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, ఇక్కడ ఎవరిదో గోడ కడుతున్నాను.’

ఆవులింతలు ఆగిపోయాయి. ముందు వరసలో తెల్లగడ్డం పెద్దాయన వెనక్కి తిరిగి, “ఇంతకీ దూడ ఏ రంగు?” అని అడిగాడు. చివరి వరసలో అల్లా దిత్తా లేచి, “ఇంకా జవాబు రాలేదు సాబ్” అన్నాడు.

గంట గడిచింది. హాలు ఖాళీ చేయాల్సిన వేళైంది. అధ్యక్షుడు ఇక తప్పక, “ఖలాస్?” అన్నాడు.

“జీ, ఆయన ఆఖరి పేజీలో ఉన్నారు. అక్కడికే వస్తున్నాను” అన్నాడు కరామత్ సాహెబు. “జనాబ్ ఖలాస్ గోదావరీ, టైమ్‌కీపరు.”

జుబేదీ చేప, ఎర్రటి పులుసు, తిట్టి వడ్డించేవాళ్లు లేని భోజనం, అన్నీ హాల్లో గట్టిగా వినిపించాయి. సోమేశ్వరరావు తల ఒళ్లోకి దించేసుకున్నాడు. సంపాదకులు తిప్పి పంపినప్పుడు కూడా అంత సిగ్గేయలేదు, కళ్లలో నీళ్లు రావడమూ అదే మొదలు. ఎవరో లేచి, ఈయన ఆంధ్రా ఆయన, ఇండియా వాడు, పాకిస్తానీ రచయిత ఎలా అవుతాడని అడిగారు.

“కౌమ్ అంటే, జాతి అంటే ఏమిటో రెండో పేజీలో చెప్పాను. మీరు ఆవులిస్తున్నారు” అన్నాడు కరామత్ సాహెబు. “గురువారం ఉత్తరాల కోసం ఒకే వరసలో నిలబడేవాళ్లందరూ ఒక కౌమ్.”

వ్యానులో సోమేశ్వరరావు ఆయన పక్కనే కూర్చున్నాడు. “ఉత్తరాలకి మందు, సరే. మరి గ్లవ్స్‌కి ఎందుకు సాబ్?” అన్నాడు.

కరామత్ సాహెబు కిటికీలోంచి బయటికి చూశాడు. “అది కొంచెం జబ్బే” అన్నాడు.

సోమేశ్వరరావు ఇదంతా నాగేశ్వరికి రాసి, కొత్త గౌరవం కొద్దీ కింద ‘ఇట్లు, ఖలాస్’ అని సంతకం పెట్టాడు. కంపెనీ మనిషెవరో ఊరికి పోతుంటే చేతికిచ్చాడు గనక ఉత్తరం నాలుగు రోజుల్లో చేరింది. చేరిన రోజే టెలిగ్రాం వచ్చింది. ‘అత్తయ్య సంతకం చదివి ఏడుపు లంకించుకుంది. పేరు మార్చుకోండి. ముసలాయన్ని భోజనానికి పిలవండి. తిట్టి వడ్డించండి.’

పిలిచాడు. జుబేదీ పులుసు పెట్టి, బెల్లం వెయ్యకుండా, విస్తరి ముందు కూర్చోబెట్టాడు. తిట్టడానికి మాత్రం ముప్ఫయ్యారు మార్కుల హిందీ చాల్లేదు. ఇక తెలుగులోకే దిగాడు.

“ఏంటండీ ఆ తినడం, పిచ్చికలా? ముల్లు తీసుకుని తినండి. ఏడేళ్లు మా చెవులు తిన్నారు గదా, ఇప్పుడు అన్నం తినడానికేం?”

కరామత్ సాహెబుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు, మూడోసారి కూడా. తర్వాత చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గుడ్డసంచీ దగ్గరికి జరుపుకుని మొదటి పేజీ తీశాడు.

సోమేశ్వరరావు తలుపు గడియ వేసి వచ్చి, మఠం వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.