పెద్దమ్మని పిలవడానికి వెళ్లిన శుక్రవారం

ఆ వారం చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. గురువారం నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఇన్‌స్పెక్షన్. శనివారంలోగా వన్‌టౌన్ టైలర్ దగ్గర జాకెట్లు. ఆదివారం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. గీజరు పాడవడం నేను రాయలేదు, అదే వచ్చి చేరింది. "ఇది చేయాల్సినవాటి లిస్టులా లేదు, చేయలేనివాటి లిస్టులా ఉంది," అన్నారు మావారు. తన పేరు ఎదురుగా ఉన్న పనులే చదివి ఉంటారు.

పిలుపులు మాత్రం అయిపోయాయని మురిసిపోయాను. మా వైపు ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి చెప్పాలి. కార్డు ఎంత గొప్పగా ఉన్నా, బొట్టు లేకపోతే పిలవనట్టే. బెజవాడలో అందరికీ పెట్టాను. కంకిపాడు అవతల ఉండే మా పెద్దమ్మకి మాత్రం వాట్సాప్‌లో కార్డు పంపి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. మన మనిషే కదా అని. నా ఇంటర్ రెండేళ్లూ క్యారేజీ కట్టి పంపింది ఆవిడ. అమ్మ పోయాక పుట్టింటి వైపు నాకు మిగిలిన పెద్దదిక్కు ఆవిడే. మా అమ్మాయికి ఓణీ వేయాల్సిందీ ఆవిడే. పరాయివాళ్ల దగ్గర మర్యాదంతా ఖర్చు పెట్టేసి, సొంతవాళ్ల దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లడం నాకు బాగా అలవాటు.

బుధవారం ఫోన్ చేస్తే పెదనాన్న ఎత్తారు. "మీ పెద్దమ్మ పొలంలో ఉందమ్మా. ఆదివారమా? ఏమో... మమ్మల్ని పిలిచారని తను అనుకోవట్లేదు," అన్నారు మెల్లగా.

గురువారం ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఏం అడిగారో, నేనేం చెప్పానో ఇప్పటికీ గుర్తులేదు. శుక్రవారం సెలవు పెట్టి, కుంకుమ భరిణె, పళ్లు తీసుకుని బయల్దేరాను. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో క్షమాపణ నాలుగు రకాలుగా వల్లెవేశాను. కంకిపాడు దాటేసరికి ఆకాశం నల్లగా మూసుకొచ్చింది. రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యాన్ని పెద్దమ్మా పెదనాన్నా ఆదరాబాదరాగా కుప్ప చేస్తున్నారు.

"వచ్చావా? ఆ పట్టా కొస పట్టుకోవే!"

"పెద్దమ్మా, బొట్టు పెట్టి పిలుద్దామని..."

"నువ్వు పెట్టేలోపు వానే పెట్టేస్తుంది! లాగవే, లాగు!"

భరిణె కార్లో పడేసి పరుగెత్తాను. గాలికి ఆ టార్పాలిన్ పట్టా నన్నే ఎగరేసుకుపోయేలా ఉంది. డిగ్రీ పట్టానైనా అంత గట్టిగా పట్టుకున్న గుర్తులేదు. అంచుల మీద రాళ్లు పేర్చి కార్లోకి దూరామో లేదో, వాన దబదబా దిగింది. నేను వల్లెవేసిన నాలుగు రకాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. పెద్దమ్మ కళ్లు ఆ కుప్ప మీదే ఉన్నాయి. సీజనంతా పడ్డ కష్టం ఆ పట్టా కింద ఉంది.

వాన కాస్త తగ్గాక కొంగుతో ముఖం తుడుచుకుని, "ఊఁ, పెట్టు," అంది. పెట్టాను.

"కోపం వచ్చిందే. నాకు బొమ్మ చేతులతో దణ్ణం పెడతావా? సరే, అది అయిపోయింది. కానీ ఆదివారం మాట ఇవ్వలేను. ఎండ కాస్తే ఇవి మళ్లీ ఆరబోయాలి, లేకపోతే మొలకలొస్తాయి. ముసురు పట్టిందనుకో, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను? వచ్చేస్తా."

తిరిగొస్తుంటే దేవుణ్ణి ఏం కోరుకోవాలో తెలియలేదు. టైలర్ ఫోన్ చేసి ఒక జాకెట్టు బిగుతైందన్నాడు. "పోనీలెండి," అన్నాను. నా నోట ఆ మాట విని ఆయనే కంగారు పడ్డాడు.

ఆదివారం పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే కళ్లు చెదిరే ఎండ. పెద్దమ్మ ఈపాటికి ధాన్యం మీద పట్టా తీసేసి ఉంటుంది. ఓణీ మా అత్తగారు వేశారు. కుచ్చిళ్లు కాస్త వంకరగా వచ్చాయి, నేను సర్దలేదు.

భోజనాల దగ్గర ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "మీ పెద్దమ్మగారు కనపడలేదేమండీ? ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని అడిగారు.

"లేదండీ, ఎండ బాగా కాసింది," అన్నాను సంతోషంగా.

ఆవిడ నన్ను జాలిగా చూసి, ఏసీకి దగ్గరగా కుర్చీ వేయించారు.