టైలరు కట్టిన గుర్తులు

ఆదివారం టైలరు తన కూతుర్నీ, స్నేహితుడి కుటుంబాన్నీ వెంటేసుకుని కొండెక్కాడు. దారి తప్పకుండా మలుపు మలుపుకీ పొదలకీ చెట్లకీ గుడ్డముక్కలు కట్టి, తన తెలివికి తనే మురిసిపోయాడు, పాపం. పొద్దువాలి దిగబోతే ఒక్క ముక్కా కనబడలేదు.

"ఏం బావా, నీ గుర్తులు మనకంటే ముందే ఇల్లు చేరాయా?" అన్నాడు స్నేహితుడు.

వెనకాలే నడిచొచ్చిన ఆరేళ్ళ కూతురు సంచి చూపించింది. "అన్నీ విప్పి దాచా నాన్నా."

కొట్లో గుడ్డముక్క కింద పడుంటే తీసి దాచలేదని తిట్టేది ఈయనేగా, ఇంక పిల్లనేమంటాడు?

"ఏది ఎక్కడ విప్పావో గుర్తుందా తల్లీ?"

"ఓ. చారలది ముళ్ళపొదది, పూలది ఎండిన చెట్టుది."

పిల్ల ముందు నడిచింది. చీకటి పడకముందే అందరూ కొండ దిగారు. ఇల్లు చేరేదాకా ఆ మహానుభావుడు తన తెలివి ఊసెత్తితే ఒట్టు.