దర్గాకు బాత్రూం టైల్స్

ఏలూరు పాత ఊళ్లోని ఆ దర్గాను తలుచుకుంటే నాకు ముందు ఫినాయిల్ వాసనే గుర్తొస్తుంది.

అంతకుముందు అక్కడ సున్నం వాసన, అత్తరు వాసన ఉండేవి. నవాబుల కాలం నాటి కట్టడమని చెప్పుకునేవారు. ఒకే ఆవరణలో చిన్న మసీదు, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్ల తొట్టి, బాటసారులు పడుకునే వసారా, మధ్యలో గుమ్మటం కింద బాబా సమాధి. పలచటి ఇటుకలను గానుగ సున్నంతో కట్టి, పైపూతలో బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ కలిపారట. మే నెలలో చెయ్యి వేసినా ఆ గోడ చల్లగా ఉండేది. మా నేలలో నిమ్ము ఎక్కువ. దాన్ని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేసే గోడలవి.

సమాధి గదిలోకి ఆడవాళ్లు వెళ్లకూడదు. వాళ్ల కోసం తూర్పు గోడకు రాతిలో తొలిచిన జాలీ ఉండేది. ఏ మతం ఆడవాళ్లయినా దానికి నుదురు ఆనించి, ఒక కన్నం దగ్గర పెదవులు పెట్టి, గుసగుసగా మొరపెట్టుకునేవారు. లోపలి చల్లగాలి మొహానికి తగిలితే బాబా విన్నట్టు లెక్క.

అమ్మ ప్రతి శుక్రవారం గణపవరంలో బస్సెక్కి వచ్చేది, ఏలూరు పక్కనే వట్లూరు కాలేజీలో పాఠాలు చెప్పుకునే నన్ను వెంటేసుకుని వెళ్లేది. మాది వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. అన్నయ్య కామెర్లతో పోయాక నాన్న ఇంట్లో వాడి మాట ఎత్తనివ్వలేదు. ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. అమ్మ వాడి గురించి మాట్లాడుకోగలిగిన చోటు లోకంలో ఆ కన్నం ఒక్కటే. ఏం చెప్పేదో వసారాలో కూర్చున్న నాకు వినపడేది కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆమె మొహం తేటపడి ఉండేది.

ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించిన ఏడాది, తన చెరువు తప్పించుకున్నందుకు ఒక ఆసామి దర్గాకు మొక్కు తీర్చుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలాంటి భక్తి. కమిటీవాళ్లు ఆయన వెనక చేతులు కట్టుకుని తిరిగారు. సున్నమంతా గీకేసి, సిమెంటు పూసి, మనిషెత్తున నీలం పూల టైల్స్ అంటించారు. అచ్చం మా కాలేజీ హాస్టల్ బాత్రూముల్లో ఉన్నవే! గుమ్మటానికి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కొట్టారు. లోపల ఏసీ పెట్టారు కనక జాలీ పీకేసి, అల్యూమినియం చట్రంలో అద్దం బిగించారు. దాత పేరు చెక్కిన పాలరాయి మాత్రం బాబా సమాధి కంటే పొడుగు.

ఒక్క వానాకాలం గడిచేసరికి, నిమ్ముకు బయటికి దారి లేక టైల్స్ వెనక ఊరడం మొదలైంది. సందుల్లోంచి పచ్చటి నీరు కారేది. సమాధి మీద కప్పిన చాదర్లు బూజు పట్టాయి. ఆ కంపు మీద ఫినాయిల్ పోసేవారు.

మరమ్మతులకు దర్గా మూసినప్పుడు రావడం ఆపిన అమ్మ, ఆ తర్వాత పొలం పనులు తీరి మళ్లీ వచ్చింది అప్పుడే. కమిటీ పెద్దాయన సంబరంగా ఎదురొచ్చారు.

"ఎలాగుందండీ మన దర్గా? స్టార్ హోటల్లా లేదండీ?"

"ఆ జాలీ ఏం చేశారండీ?" అన్నాను.

"తొట్టి దగ్గర కాలవ మీద పరిచామండీ. గట్టి రాయి కదండీ, పారెయ్యడం దేనికని."

వెళ్లి చూశాను. ఆడవాళ్లు పెదవులు ఆనించిన కన్నాల్లోంచి కాళ్లు కడిగిన నీళ్లు దిగుతున్నాయి. ఉమ్మెయ్యాలనిపించింది. ఎవరి మొహాన ఉమ్మాలో తెలియలేదు.

అమ్మ అప్పటికే అద్దానికి నుదురు ఆనించి ఉంది. ఆమె ఊపిరికి అద్దం మసకబారింది. సమాధిని చూసుకునే ముజావరు గుడ్డ పట్టుకుని వచ్చాడు.

"మరకలు పడతాయండమ్మా. కాస్త ఎడంగా నిలబడి గట్టిగా చెప్పుకోండి. లోపలికి వినపడాలి కదండీ."

మర్యాదగానే అన్నాడు. అమ్మ వెనక్కి జరిగింది. వరసలో ఉన్న జనాన్ని చూసింది.

"పదమ్మా," అంది నాతో. "అరిచి చెప్పుకునే మాటలా అవి?"

మరుసటి శుక్రవారం రాలేదు. ఫోన్ చేస్తే చేలో పనుందంది.

"అన్నయ్య సంగతులు నాతో చెప్పుకోమ్మా," అన్నాను.

"నాన్నగారు ఇక్కడే ఉన్నారు," అని పెట్టేసింది.