సుద్దగీత

టిల్మాన్ మేస్త్రీ ఏ ఫిరంగినీ నమ్మడు. జర్మనీలోని ఆ పరీక్షా మైదానంలో ఇరవై ఏళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి. చక్రం వెనక సుద్దగీత గీస్తాడు. పేలాక ఫిరంగి ఎంత వెనక్కి తన్నిందో జానపెట్టి కొలిచి, మీసం దువ్వుకుంటాడు. పారాచూట్ సైనికుల కోసం చేసిన ఈ తేలిక ఫిరంగి అసలు వెనక్కి తన్నదట. “గుండు ముందుకెళ్తే తన్నకుండా ఎట్లా ఉంటుందయ్యా? ఏదో దాస్తున్నారు,” అన్నాడు. “వెనక నిలబడొద్దు మేస్త్రీ,” అంటూ ఇంజనీరు లోర్ ఆయన్ని పక్కకు లాగాడు. ఆయన కోటు మాత్రం ఎప్పటిలాగే ఫిరంగి వెనక గుంజకు వేలాడుతోంది.

ఫిరంగి పేలింది. చక్రం వెంట్రుకవాసైనా కదల్లేదు. గుండు తన్నుకు సరితూగేలా గొట్టం వెనక నుంచి చిమ్మిన మంటకు కోటు మసైపోయింది. మేస్త్రీ బూడిదలోంచి గుండీ ఏరి, అనుమానంగా తిప్పి చూశాడు. “ఆకాశంలోంచి దూకే కుర్రాళ్లకి ఈ సంగతి చెప్పారా?” “కాగితం మీద రాశాం,” అన్నాడు లోర్. మేస్త్రీ గొట్టం చల్లారేదాకా ఆగి, దాని వెనక కొసన సుద్దతో పెద్దక్షరాల్లో రాశాడు: ‘ఇటు కూడా చంపుతుంది.’