గీత దగ్గర కుర్చీ

టైలరమ్మకు నోరు లేదనుకునేవాళ్లు, చొక్కా పాడుచేశావని ఒక్కసారి ఆమెను దబాయించి చూడాలి. చిన్నప్పుడు జ్వరంలో వినికిడి పోయింది గానీ, ఎదుటివాళ్ల పెదవులు చదివి, ఉత్త చేతులతోనే నాలుగు చీవాట్లు పెట్టి పంపగలదు.

ఆమెను పిల్లల బ్యాడ్మింటన్ పోటీల్లో లైన్ జడ్జిగా కూర్చోబెట్టింది వదిన. వదిన అక్కడ అంపైరు. వినపడని మనిషి మాకెందుకని కమిటీ వాళ్లు నసిగితే, "షటిల్‌ను చూడాలా, వినాలా?" అని వాళ్ల నోళ్లు మూయించానని చెప్పింది. సైగలు కూడా వంటింట్లో నిలబెట్టి తనే నేర్పింది. షటిల్ బయట పడితే రెండు చేతులూ బార్లా చాచాలి. లోపల పడితే గీత వైపు చూపాలి. ఎక్కడ పడిందో కనపడకపోతే రెండు అరచేతులూ కళ్లకు అడ్డం పెట్టుకోవాలి.

"ఈ చివరిదాంతో నీకు పని పడదులే" అని నవ్వింది వదిన. "ఆ గీత నీది. అక్కడ నీ మాటే చెల్లుతుంది."

టైలరమ్మ ఆ మాటకి ఉబ్బితబ్బిబ్బయిపోయింది. కమిటీ ఇచ్చిన నీలం చొక్కా గోనెసంచిలా ఉంటే, కుట్లన్నీ విప్పి తన ఒంటికి సరిపోయేలా మళ్లీ కుట్టుకుంది. వీధిలో పిల్లలు ఎదురుపడితే చేతులు బార్లా చాచి 'అవుటత్త' అని ఆటపట్టించేవాళ్లు. ఆమె మురిసిపోయేది. అన్నయ్య ఆదివారాలు సైకిల్ షాపు మూసేసి మరీ వచ్చి, ఆమె వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇంత ప్రేమ ఎక్కడ దాచుకున్నాడో అనుకునేది పాపం.

ఆడపిల్లల ఫైనల్ రోజు ఆమె పొరపాటు చేసింది. ముంగురులు కంట్లో పడి రెప్ప కొట్టుకుంది. షటిల్ లోపల పడిందనుకుని గీత వైపు చూపించేసింది. తీరా చూస్తే అది గీత దాటి పడి ఉంది. ఆమె నాలుక కరుచుకుంది. నా మూలంగా ఒక పిల్ల పాయింటు పోయిందే!

పోలేదు. ఎత్తు కుర్చీలోంచి వదిన అవుటే ఇచ్చింది. జడ్జి లోపలంటే అంపైరు బయటెలా ఇచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆడుతున్న పిల్లలు, కోచ్‌లు, తల్లిదండ్రులు అందరూ ఆమె తల మీదుగా వెనక్కి చూస్తున్నారు. ఆమె కూడా తిరిగి చూసింది. అన్నయ్య నోరు ఇంకా మూతపడలేదు.

"ఎప్పట్నించి?" అని చేతులతో అడిగింది.

"మొదట్నించీ" అన్నాయి అన్నయ్య పెదవులు. "వెనక కూర్చుని నేను కేకేస్తానంటేనే కమిటీ వాళ్లు ఒప్పుకున్నారు. ఇది మీ వదిన చేసిన ఏర్పాటే. బాధపడతావని చెప్పలేదు తల్లీ."

ఇన్నాళ్లూ ఆ కేకల్ని హాలంతా విన్నది. ఊడ్చేవాళ్లు విన్నారు, అవుటత్త అని వెక్కిరించిన పిల్లలూ విన్నారు. ఆమె ఒక్కతే వినలేదు. కమిటీ వాళ్లు వద్దని ఉంటే ఒక ఏడుపు ఏడ్చి మళ్లీ కుట్టుమిషన్ ముందు కూర్చునేది. పరాయివాళ్లు చేసే అవమానం అంతవరకే. వీళ్లు సొంతవాళ్లయి ఉండి, నమ్మించి గొంతు కోశారు.

ఆమె లేచి కుర్చీని వెనక్కి తిప్పి, అన్నయ్యకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఆట ఆమె వీపు వెనక ఉంది. వదిన ఒక క్షణం తటపటాయించి, ఆట సాగించమని పిల్లలకు సైగ చేసింది. కేక వేసే మనిషి ఎలాగూ ఉన్నాడు కదా!

షటిల్ మళ్లీ గీత దగ్గరే పడింది. అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలు అతని పెదవుల వంకే కన్నార్పకుండా చూస్తోంది. నోరు మూసేసి తల దించుకున్నాడు. ఏ కేకా రాక హాలంతా బిక్కమొహం వేసింది.

చివరికి వదిన దిగి వచ్చి ఆమె ఎదుట నిలబడింది. "లోపలా? బయటా?" అని చేతులతో అడిగింది. ఇన్ని ఆదివారాల్లో ఆమెను నిజంగా అడగడం ఇదే మొదలు.

టైలరమ్మ రెండు అరచేతులూ ఎత్తి కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఆ పాయింటు మళ్లీ ఆడించాలన్నారు. ఆమె మాత్రం చేతులు దించలేదు. వదిన ఆమె మణికట్లు పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. కళ్లు మూసుకున్నాక ఎవరి మాటా ఆమెకు చేరదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.