ఆఖరి ఫారంలో నాలుగు పేజీలు

మొన్న ఆదివారం తెనాలి నుంచి ఒక అమ్మాయీ, ఒక అబ్బాయీ మా ఇంటికి వచ్చి, కొత్తగా నవలలు రాస్తున్నవాళ్ళంతా కలిసి చిన్న సభ పెట్టుకున్నామనీ, రాసింది మెరుగుపడాలంటే ఏం చేయాలో, వంద పుస్తకాల మధ్య మన పుస్తకం కంటపడాలంటే ఏం చేయాలో నన్ను వచ్చి చెప్పమనీ అడిగారు. ఒకే ఒక్క నవల రాసి, అదీ నా పేరుతో కాక, ఆ తర్వాత కలం మూసేసిన నా ఆచూకీ వీళ్ళకెలా దొరికిందో తెలియదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాను. ఒంట్లో బాగానే ఉంది. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసు కాబట్టే రానన్నాను.

డెబ్భైలు మొదలైన ఆ రోజుల్లో నవల అంటే అద్దె లైబ్రరీయేనని మన వయసువాళ్ళకు నేను చెప్పాలా? అట్టలు నలిగి, మూలలు వంగి, నలభై చేతులు మారిన పుస్తకం మన వంతుకొచ్చేసరికి మధ్యలో రెండు పేజీలు ఉండేవి కావు, అయినా అవేవో మనమే ఊహించుకుని చదివేసేవాళ్ళం. నేనప్పుడు రేపల్లెలో ఉంటూ భట్టిప్రోలు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచిన అక్కను బాపట్లలో ఇచ్చారు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకో నవల చదివి పారేసేది మా అక్క. ప్రతి ఆదివారం నా నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బస్సెక్కి ఆమె దగ్గరికి పోయేవాణ్ణి. రాసింది నేను చదువుతుంటే చింతపండు గింజ తీస్తూ వినేది. నేను పెద్ద పెద్ద సమాసాలు గుప్పించి, నాయిక కన్నీటిని రెండు పేజీలు వర్ణించి, మెచ్చుకుంటుందేమోనని తలెత్తి చూస్తే, ఆవిడ చేతులు ఆపకుండానే, "ఏంటిరా ఇది? ఏడ్చింది ఏడ్చింది అని నువ్వు చెప్తే నాకెందుకు ఏడుపొస్తుంది? అప్పుడు దాని చేతిలో ఏముందో చెప్పు, చాలు" అనేది. రాతలో నాకు తెలిసిన విద్య అంతా ఆ ఒక్క మాటే.

అలాంటి ఒక ఆదివారమే, నేను అడగకుండానే, తన చేతిలో ఏముందో చెప్పింది. పెళ్ళయిన మూడో ఏడు, అత్తగారన్న ఒక మాట తట్టుకోలేక, రెండు చీరలు సంచిలో కుక్కుకుని, ఎవరికీ చెప్పకుండా బాపట్ల స్టేషనుకు నడిచిపోయిందట. కుళాయి పక్క బెంచీ మీద రెండు గంటలు కూర్చుందట. తెనాలి వైపు రైలు వచ్చి ఆగింది. లేవబోతే అరచేతిలో కొట్టుగది తాళంచెవి ఉంది. బియ్యం, పప్పులు అన్నీ ఆ గదిలోనే, ఆ తాళంచెవి అత్తగారు నమ్మి ఇచ్చింది. రాత్రికి వీళ్ళు బియ్యం ఎలా తీసుకుంటారు అనుకుంటూ ఉండగానే రైలు వెళ్ళిపోయిందట. ఇంటికొచ్చి గది తీసి బియ్యం కొలిచింది. ఆమె ఎక్కడికి వెళ్ళిందో ఎవరూ అడగలేదు. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదని కూడా చెప్పింది.

నేను దాన్ని నవల చేశాను. బెంచీ, కుళాయి, తాళంచెవి, అత్తగారన్న మాటతో సహా ఉన్నదున్నట్టు రాశాను. నిజం చెబుతున్నాను, అంత బాగా అంతకుముందూ రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

తెనాలిలో పబ్లిషరు చదివి, బావుందని, అచ్చుకిచ్చి, తీరా చివరికొచ్చాక నన్ను ప్రెస్సుకు పిలిపించాడు. పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుందని, ఫారం అంటే పదహారు పేజీలని మీకు తెలిసే ఉంటుంది. మా ఆఖరి ఫారంలో నాలుగు పేజీలు ఖాళీగా మిగిలాయి. "ఏంటండి మాస్టారూ ఈ ముగింపు? ఊరికే తిరిగొచ్చి బియ్యం కొలుస్తుందా? అద్దెకు తీసుకునేవాళ్ళు ముందు ఆఖరి పేజీ చూస్తారండి. ఆ రైల్లో ఎవరో ఒకణ్ణి పెట్టండి, ఆవిడ కోసం వచ్చినవాణ్ణి. నాలుగు పేజీలూ నిండుతాయి" అన్నాడు. సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటర్లు నా కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కడే బల్ల మీద కూర్చుని, కిటికీలోంచి చెయ్యి చాపే ఒక మనిషిని, ఆ చెయ్యి అందుకోబోయి ఆగిపోయిన ఆవిడను రాసిచ్చాను. గంట పట్టలేదు.

ఇక పేరు. అప్పట్లో ఆడవాళ్ళ పేరుంటేనే నవల కదిలేది, మగవాళ్ళెందరో భార్యల పేర్లతో రాసేవాళ్ళు. నాకింకా పెళ్ళి కాలేదు. విద్య నేర్పింది అక్కే కదా, అట్ట మీద ఆమె పేరు చూసి మురిసిపోతుందనుకున్నాను. అడగాలని తోచలేదు. ఆ మూర్ఖత్వానికి ఈరోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు.

పుస్తకం కంటపడింది, పడక ఏం చేస్తుంది? రేపల్లెలో, భట్టిప్రోలులో, బాపట్లలో చేతులు మారింది. పక్కింటావిడ తెచ్చి అక్క అత్తగారికి చదివి వినిపించింది. తను అన్న మాట, తను ఇచ్చిన తాళంచెవి, తమ ఊరి స్టేషను, అట్ట మీద కోడలి పేరు. ఇవన్నీ నిజమైనప్పుడు రైల్లో మనిషి ఒక్కడూ అబద్ధం ఎలా అవుతాడు? అత్తగారు తాళంచెవి కోసం చెయ్యి చాపిందట, అంతే.

నేను పరుగెత్తుకెళ్ళి మా బావగారి ముందు నిలబడి, రాసింది నేనే, అది కల్పనండి, ఉత్త కల్పన అని మొత్తుకున్నాను. ఆయన నెమ్మదస్తుడు. "స్టేషను కూడా కల్పనేనా బావమరిదీ?" అని అడిగాడు. నేను వంటింటి వైపు చూశాను. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "రైల్లో ఎవరూ లేరని తెలిసినవాడివి నువ్వొక్కడివేరా" అంది, లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు ఆమెను వెళ్ళగొట్టలేదు. అన్నం పెట్టారు, పండక్కి చీర కొన్నారు. తాళంచెవి మాత్రం మళ్ళీ ఆమె కొంగుకు రాలేదు, ఆమె మళ్ళీ పుస్తకం ముట్టలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు నేనెప్పుడు వెళ్ళినా భోంచేశావా అని అడిగింది, అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. అక్క పోయి కూడా చాలా ఏళ్ళయింది.

ఇప్పుడు ఆ లైబ్రరీలు లేవు, రేపల్లెలోని ఆ కొట్టులో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సీసపు అక్షరాలు పాతసామాన్లకింద పోయాయి. ఆ నవల పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళూ లేరు. పీడ విరగడైంది అనుకోవచ్చు కదా అంటారేమో. ఆ పిల్లలు వెళ్ళిపోయాక కళ్ళు మూసుకుని, అక్క చెప్పింది చెప్పినట్టు ఒక్కసారి తలుచుకుందామనుకున్నాను. కుళాయి కనిపించింది, బెంచీ కనిపించింది, రైలు వచ్చి ఆగింది. కిటికీలోంచి చెయ్యి చాపి అతను ఉన్నాడు. ఎంత తరిమినా పోడు. అక్క చేతిలో తాళంచెవి ఉందని నాకు తెలుసు, కానీ ఎంత చూసినా అది కనిపించడం లేదు.