కూర వాసనకు తెనాలి వెళ్లిన కేసు

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, బాపట్లలో మా పక్కింట్లోకి ఒక మేజిస్ట్రేటు గారు దిగారు. కరివేపాకు రెబ్బయినా ఎవరి దగ్గరా పుచ్చుకోని మనిషి. మా నాయనమ్మకేమో పక్కింటికి కూర పంపనిదే ముద్ద దిగదు.

ఆ రోజుల్లోనే నూతి గట్టు మీద పెట్టిన మా ఇత్తడి బిందె కనిపించకుండా పోయింది. ముందురోజు గిన్నెలకు కళాయి పూసే సాయిబు గారు మా పెరట్లోకి వచ్చి వెళ్లారు. ఇంకేం, నాయనమ్మ ఆయనే దొంగని తేల్చేసింది. ఆయన సంచిలో ఇత్తడి ముక్కలు దొరికాయని పోలీసులు కేసు పెట్టారు. “నూతిలో గాలం వేసి చూడండమ్మా” అని ఆయన మొత్తుకున్నా వినేదెవరు? శిక్ష పడితే పిల్లలు గల ఆ మనిషిని మళ్లీ ఏ ఇల్లాలూ గడప తొక్కనివ్వదు.

కేసు పక్కింటాయన ముందుకే వచ్చిందని నాయనమ్మ మురిసిపోయింది. నన్ను వెంటేసుకుని గుత్తివంకాయ కూర గిన్నెతో వెళ్లి, “తినండి బాబూ, మన బిందె సంగతి కాస్త చూడండి” అంది. ఆయన వెనక్కి తగ్గి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. “గిన్నె తీసుకెళ్లండి పిన్నిగారూ, ఇంకో మాట చెప్పకండి” అన్నారు.

వాయిదా రోజున నిండు కోర్టులో అదంతా చెప్పేశారు. “కూర తినలేదు. వాసన మాత్రం బాగుంది. ఆ సంగతి ముద్దాయికి తెలియాలి. ఈ కేసు నేను వినకూడదు, వేరే కోర్టుకు మార్చమని పైకి రాస్తున్నాను” అన్నారు. ప్లీడర్లు పగలబడి నవ్వారు. నాయనమ్మ సిగ్గుతో నా వెనక దాక్కోబోయింది. నేనేమో ఆవిడ నడుము దాకా కూడా రాను.

అలా కేసు తెనాలి పోయింది. చెమటలు కక్కుతూ ప్యాసింజరు రైల్లో మేమూ వెళ్లాం. అక్కడి మేజిస్ట్రేటు గారు నాయనమ్మ చెప్పింది విని, సాయిబు గారిని కూడా చెప్పమన్నారు. ఆయన పాత మాటే చెప్పారు. నూతిలో చూశారా అని అడిగితే, “పడితే చప్పుడు వినపడదాండీ?” అంది నాయనమ్మ. చూసి రమ్మని వాయిదా వేశారు.

పోలీసుల ఎదుటే గాలం వేశారు. మా బిందె బుద్ధిగా పైకొచ్చింది.

కేసు కొట్టేసిన రోజు నాయనమ్మ కూర గిన్నెతో సాయిబు గారింటికి వెళ్లి, ఆ గుమ్మంలోనే ఏడ్చేసింది. ఆయన గిన్నె అందుకుని, “కేసు అయిపోయిందిగా అమ్మా, ఇప్పుడు పుచ్చుకోవచ్చు” అన్నారు.

ఇప్పటికీ ఎవరైనా నా దగ్గరకొచ్చి ఫలానావాడు దొంగ అంటే, నా ముక్కుకు ముందు గుత్తివంకాయ వాసన తగులుతుంది. ఆ ఫలానావాడు ఏమంటాడో వినేదాకా నేను నోరు విప్పను.